మామగారి నక్షత్రబలం

మా హాల్లో టీవీ కింద అలమర నిండా నక్షత్రాలే. అన్నీ నావే. దూరానికి గాజులా కనిపించే ప్లాస్టిక్ నక్షత్రాలు. ఒకదాని మీద 'స్టార్ ఆఫ్ ది క్వార్టర్', ఒకదాని మీద 'టీమ్ స్టార్', ఇంకోదాని మీద 'కస్టమర్ డిలైట్' అని ఉంటుంది. ఆ చివరిది ఎందుకిచ్చారో నాకూ తెలీదు. అది చేతికొచ్చిన నెలలోనే ఆ కస్టమరు కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్ళిపోయాడు. పనమ్మాయి పండగలకి వాటినన్నిటినీ ఒక బకెట్లో వేసి కడిగి, చేతికందిన వరసలో మళ్ళీ పెట్టేస్తుంది. నాకు తేడా తెలియదు.

ఉద్యోగం హైదరాబాదు రాయదుర్గంలో. హోదా పేరు విజిటింగ్ కార్డు మీద రెండు లైన్లు పడుతుంది గానీ, చేసే పని మాత్రం డేటా శుభ్రం చెయ్యడం. అమెరికాలో ఎక్కడో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కల్లో ఒకే మనిషి మూడు పేర్లతో ఉంటే ముగ్గురినీ కలిపి ఒకణ్ణి చేస్తాను. పోయినవాళ్ళకి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్ళకుండా చూస్తాను. ఇంతటి నిపుణుడి ఇంట్లో ఒకే ఒక్క మనిషి, ఆయనకి ఒకే ఒక్క కాగితం, అందులో ఒకే ఒక్క గడి అసంపూర్తిగా ఉంది. దాన్ని పూర్తి చేయించబోయి నేను పడ్డ అవస్థే ఈ మనవి.

మా మామగారిది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. అక్కడ సైన్యంలో చేరడం విశేషం కాదు. చేరకపోతేనే 'ఏం, అబ్బాయికి ఒంట్లో బాగాలేదా?' అని అడుగుతారట. ఆయన 1967లో చేరి, 1985లో హవల్దారుగా బయటికొచ్చారు. చేసింది క్లర్కు పని. అత్తయ్యగారి మోకాళ్ళ ఆపరేషన్ దగ్గర్నుంచీ ఇద్దరూ కొండాపూర్‌లో మాతోనే ఉంటున్నారు.

నవంబరు వస్తే పెన్షనర్లు బతికున్నామని రుజువు చూపించుకోవాలి. రక్షణశాఖ పెన్షన్లన్నీ ఇప్పుడు స్పర్శ్ అనే పోర్టల్లోకి వచ్చాయి కాబట్టి ఆ పని ఇంటి అల్లుడి మీద పడింది. పేరు ఆధార్‌లో ఒకలా, పెన్షన్ ఆర్డరు పీపీఓలో ఒకలా ఉందేమోనని డిశ్చార్జి బుక్ తెప్పించుకుని పేజీలు తిప్పుతుంటే మెడల్స్ కాలమ్ కనిపించింది. సైన్య సేవా మెడల్, సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్. అంతే.

"మామయ్యగారూ, డెబ్బయ్యొకటిలో మీరు బంగ్లాదేశ్‌లో ఉన్నానన్నారు కదండీ?"

"ఉన్నాను."

"మరి పూర్వీ స్టార్ లేదేం?"

"రాయలేదు గనక."

ఆయన జవాబులన్నీ ఆఫీసు నోట్‌లాగే ఉంటాయి. మిగతాది డిసెంబరు 16న టీవీలో విజయ్ దివస్ చూపిస్తున్నప్పుడు వాయిదాల మీద రాబట్టాను. అగర్తలా వైపునుంచి వెళ్ళిన బలగాల్లో వీళ్ళ యూనిట్ ఒకటి. డిసెంబరు 5న అఖౌరా పడింది. ఆశుగంజ్ దగ్గర మేఘనా నది మీది రైలు వంతెనని పాకిస్తాన్ సైన్యం వెనక్కి తగ్గుతూ పేల్చేసింది. జనరల్ సగత్ సింగ్ వంతెన కోసం ఆగకుండా మనుషుల్ని హెలికాప్టర్లలో నది దాటించాడు. చరిత్ర పుస్తకాల్లో ఉండేది అంతవరకే. మా మామగారు మాత్రం నాటు పడవలో దాటారు, ఒళ్ళో టైప్‌రైటరుతో. "అది తడిస్తే యూనిట్‌కి జీతాలుండవు" అన్నారు.

ఆ యుద్ధ కాలంలో పనిచేసినవాళ్ళలో చాలామందికి సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. 1972 ఆగస్టు 15 నాటికి జీతం పుస్తకంలో పేరున్నవాళ్ళకి వార్షికోత్సవ మెడల్ ఇచ్చారు. పూర్వీ స్టార్ అలా కాదు. తూర్పున యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకే. ఐదు కోణాల కంచు నక్షత్రం. పశ్చిమాన ఉన్నవాళ్ళది పశ్చిమీ స్టార్. వీటికి ఒక తతంగం ఉంది. యూనిట్ వాళ్ళు పార్ట్ టూ ఆర్డర్ వెయ్యాలి, దాన్నిబట్టి రికార్డ్స్ ఆఫీసులో షీట్ రోల్ అనే సర్వీసు రికార్డులో ఎక్కించాలి, ఆ తరవాత అంచు మీద నంబరూ ర్యాంకూ పేరూ చెక్కి పతకం పంపాలి. యుద్ధం అయ్యీ అవకముందే మామగారికి వేరే యూనిట్‌కి బదిలీ అయింది. కొత్త యూనిట్ వేస్తుందని పాత యూనిట్, పాత యూనిట్ వేసే ఉంటుందని కొత్త యూనిట్. అంతలో ఆయన డిశ్చార్జి తీసుకుని మాధవరం వచ్చేశారు. తొమ్మిదేళ్ళ సర్వీసుకిచ్చే మెడల్ కూడా ఇలాగే ఏదో బదిలీలో జారిపోయింది.

"పార్ట్ టూ ఆర్డర్లు టైపు చేసేది మీరే కదా? ఒక లైను మీది కూడా వేసుకోలేకపోయారా?" అన్నాను.

"నా పేరు నేనే టైపు చేసుకుంటే బాగుంటుందా అల్లుడుగారూ?"

యాభై ఏళ్ళుగా ఆయనకి లేని తొందర నాకెందుకు పుట్టిందో దాచకుండా చెప్పాలి. మా గేటెడ్ కమ్యూనిటీలో ఏటా జెండా ఎగరేసేది అసోసియేషన్ అధ్యక్షుడు. దేశానికి ఆయన చేసిన సేవ మురుగునీటి ప్లాంటు మోటారు రిపేరు. ఈసారి జనవరి 26కి మా మామగారిని పిలుద్దామని నేనే లేవదీశాను. ట్రెజరరు వెంటనే "మెడల్స్ ఉన్నాయాండీ? ఫ్లెక్సీకి బాగుంటుంది" అన్నాడు. పైగా డి బ్లాకులో ఒకాయన మామగారు రిటైర్డ్ కల్నల్. ఇలాంటి చోట పోటీ మామగార్ల మధ్య కాదు, అల్లుళ్ళ మధ్య. మామగార్లిద్దరూ సాయంత్రంపూట ఒకే బెంచీ మీద కూచుని పెసరట్టు గురించి మాట్లాడుకుంటున్నారని తరవాత తెలిసింది.

నేను రంగంలోకి దిగాను. ముందుగా ఎక్సెల్‌లో ట్రాకర్ తయారు చేశాను. పని పేరు, బాధ్యుడు, గడువు, స్థితి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. దాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "నాన్న మెడల్‌కి డ్యాష్‌బోర్డు ఎందుకండీ?" అంది మా ఆవిడ. అత్తయ్యగారు "పెన్షన్ ఎంత పెరుగుతుంది నాయనా?" అన్నారు. యుద్ధంలో పాల్గొన్నందుకిచ్చే ఈ నక్షత్రాలకి పైసా రాదని చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, చిక్కుడుకాయల ఈనెలు తియ్యడంలో పడిపోయారు. మామగారు ట్రాకర్‌ని ఆసాంతం చదివి, "బాగుంది. అప్లికేషన్ ఏదీ?" అన్నారు.

అప్లికేషన్ రాయలేదు. ట్రాకర్‌లో ఆ వరస ఎరుపులో ఉంది.

ఈలోగా అమెరికాలో ఉన్న మా బావమరిది వీడియోకాల్లో దిగాడు. అక్కడ డిశ్చార్జి కాగితాన్ని డీడీ-214 అంటారట, దాన్ని సవరిస్తే డీడీ-215 ఇస్తారట, పెద్ద తప్పయితే ఫారం 149 నింపి రికార్డులు దిద్దే బోర్డుకే పెట్టుకోవచ్చట. "సిస్టమ్ అంటే అదీ బావా" అన్నాడు. నేను తలూపుతుండగా మామగారు వెనకనుంచి "అక్కడ తగలబడింది కదురా?" అన్నారు. నిజమే. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డుల భవనం తగలబడి కోటి అరవై లక్షల నుంచి కోటి ఎనభై లక్షల ఫైళ్ళు బూడిదయ్యాయి. వాళ్ళ సైనికులూ, వాళ్ళ పిల్లలూ ఈనాటికీ జీతం రసీదులూ పాత ఉత్తరాలూ ఏరుకుని ఆనాటి సర్వీసు నిరూపించుకుంటున్నారు. ఈ సంగతి మామగారికి ఎలా తెలుసని అడిగితే, "క్లర్కుకి ఏ దేశంలో ఫైలు కాలినా తెలుస్తుంది" అన్నారు. మన దగ్గర కాలకపోయినా, పెన్షన్ లేనివాళ్ళ సర్వీసు కాగితాలని 25 ఏళ్ళ తరవాత తీసేస్తారు, లాంగ్ రోల్ అనే పేర్ల రిజిస్టరు ఒక్కటే మిగుల్తుంది. మామగారు పెన్షనరు కాబట్టి బతికిపోయాం.

నేను ఆర్టీఐ వేద్దామన్నాను. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల్లో జవాబు. "ముందు మర్యాదగా అడగండి, తరవాత హక్కుగా అడుగుదురుగాని" అన్నారు. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, 2007లో చట్టం కూడా చేశారన్నాను. పుట్టింటి మీద కేసు వెయ్యమన్నట్టు చూశారు.

చివరికి ఉత్తరం నేనే రాశాను. అంటే మా ఆఫీసు ఏఐ రాసింది. 'ప్రియమైన బృందానికి, ఈ మెయిల్ మీకు కుశలంగా అందుతుందని ఆశిస్తున్నాను' అని మొదలై, 'ఈ విషయంలో మీ సహకారానికి ఉత్సాహంగా ఎదురుచూస్తున్నాను' అని ముగిసింది. మామగారు చదివి, "ఎవరు బాబూ ఈయన, ఇంత సంతోషంగా ఉన్నాడు?" అన్నారు. తరవాత నా ల్యాప్‌టాప్ ముందు కూచుని, రెండు చూపుడు వేళ్ళతో కాదు, పది వేళ్ళతో, నేను కాఫీ తాగి వచ్చేలోపు ఒక పేజీ కొట్టేశారు. 'సర్, ఐ హావ్ ది ఆనర్ టు స్టేట్ దట్' అని ఎత్తుగడ. నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, ఏ తేదీనుంచి ఏ తేదీదాకా ఎక్కడ. ఒక్క విశేషణం లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపారు. సికింద్రాబాద్‌లోనే ఏఓసీ, ఈఎంఈ అనే సైనిక విభాగాల రికార్డ్స్ ఆఫీసులున్నాయి. మామగారి కోర్‌ది మాత్రం వేరే రాష్ట్రంలో. అదీ నా నక్షత్రబలం.

జనవరి 26 దగ్గరపడింది. ట్రాకర్ పసుపు దాటలేదు. ఇక్కడే నా ఘనకార్యం. ఆఫీసు ఎగ్గొట్టి, రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, ఆటోలో తిరుమలగిరి లాల్ బజార్ వెళ్ళాను. యూనిఫారాలు కుట్టే దుకాణాల్లో పతకాల నకళ్ళు దొరుకుతాయి. టైలర్ కాపీ అంటారు. అసలువి ఆలస్యమైనప్పుడు నిజం ఫౌజీలు కూడా ఇవే కొనుక్కుంటారు కాబట్టి అది తప్పేం కాదు. పూర్వీ స్టార్ అడిగితే దుకాణదారు "ఎవరికి సార్?" అన్నాడు. "మా మామగారికి" అన్నాను. అప్పటికి అది నిజమే.

ఇంట్లో ఎవరూ లేరనుకుని, పెళ్ళినాటి సూటు కోటు తీసి, మామగారి మూడు పతకాలూ వాటి కొసన ఈ నక్షత్రమూ గుచ్చుకుని, అద్దం ముందు నిలబడ్డాను. పొట్ట లోపలికి లాగాను. సెల్యూట్ కొట్టాను. అద్దంలో నా వెనక మా ఆవిడ కనిపించింది. ఆమె వెనక మామగారు.

ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. ఆయన మాత్రం దగ్గరకొచ్చి కళ్ళజోడు సర్దుకున్నారు. "పూర్వీ స్టార్ చివర కాదు. సంగ్రామ్ కంటే ముందు రావాలి, గుండీల వైపు. వరస ఉంటుంది." ఆ తరవాత కోటు మీంచి దాన్ని విప్పి నా అరచేతిలో పెట్టారు. "కాలమ్‌లో లేనిది కోటు మీద ఉండకూడదు అల్లుడుగారూ."

నా రెజ్యూమే గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది. 1998లో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఈ చుట్టుపక్కల రాళ్ళగుట్టలే. అలాంటి చోట ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ క్లౌడ్ అనుభవం ఉన్నవాళ్ళు దొరుకుతారు. నేనూ 'నిపుణుడు' అన్న మాట కింద రాసుకున్నవాటిలో సగం ఒక శనివారం యూట్యూబ్‌లో చూసినవే. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేవాళ్ళు అవన్నీ సరేనన్నారు. మామగారు మేఘనా దాటినదానికే ఇంకా ఎవరూ సరే అనలేదు.

జెండా పండక్కి ఆయన మూడే పెట్టుకున్నారు. ఫ్లెక్సీ మీద నా పేరు ఆయన పేరుకంటే పెద్ద అక్షరాల్లో పడింది. ప్రింటర్ పొరపాటని అందరికీ చెప్పాను.

తరవాత జవాబొచ్చింది. తొమ్మిదేళ్ళ మెడల్ రికార్డులో ఎక్కించారు, పతకం తరవాత పంపుతారు. పూర్వీ స్టార్‌కి, యుద్ధ సమయంలో సరిహద్దు దాటినట్టు ఆధారం కావాలి. నేను మండిపడ్డాను. మామగారు ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివి మురిసిపోయారు. "చూశారా, ఏ పేరాకి ఆ పేరా. కుర్రాడు బాగా రాశాడు. రిఫరెన్స్ తేదీ ఒక్కటి తప్పేశాడు." ఆధారం కోసం మాధవరంలో పాత ట్రంకు పెట్టె తెరిచాం. అందులో కార్బన్ కాపీ కట్టలు. నదికి అవతల కొట్టిన నామినల్ రోల్ ఒకటి ఉంది, పేర్ల పట్టీ. అందరి తరవాత, ఆఖరి వరసలో, క్లర్కు. నకలు తీసి స్పీడ్ పోస్టులో పంపి, ఆయన మరిచిపోయారు. పని లేక నా కాగితాల మీద పడ్డారు.

నా పీఎఫ్ పాస్‌బుక్ చూస్తూ ఒక మధ్యాహ్నం పిలిచారు. నేను ఎప్పుడో వదిలేసిన మాదాపూర్ కంపెనీవాళ్ళు నేను మానేసిన తేదీ వెయ్యలేదట. "మీ రికార్డు ప్రకారం మీరు రెండుచోట్ల ఉద్యోగం చేస్తున్నారు" అన్నారు. నాకు చెమట పట్టింది. మూన్‌లైటింగ్ అంటే ఇప్పుడున్న కంపెనీలో ఉద్యోగం ఊడుతుంది.

ఆయన అప్పటికే నా పేర ఫైలు తెరిచి, ట్యాగు కట్టి, పైన నంబరు కూడా వేశారు. ఆ రోజునుంచీ కాఫీ దగ్గర రోజూ అడుగుతున్నారు, తేదీ వేయించారా అని. "2020 నుంచీ ఆ తేదీ సభ్యుడే వేసుకోవచ్చట కదా, ఆధార్ ఓటీపీతో?"

"నా తేదీ నేనే వేసుకుంటే బాగుంటుందా మామయ్యగారూ?" అన్నాను, దొరికిపోయారు అనుకుంటూ.

ఆయన కళ్ళజోడు మీదనుంచి చూశారు. "నాది మొహమాటం. మీది బద్ధకం. ఫోన్ ఇటివ్వండి, ఓటీపీ వస్తుంది."