పొయ్యి ముట్టించని నలుడు

భారతమునందలి నలునకు దేవతలొసగిన వరములలో నొకటి, తలచినచోట తలచినంతనే అగ్ని పుట్టుట. మా నెల్లూరు సముద్రతీరమున క్రిస్మసు మొదలుకొని సంక్రాంతి వఱకు బంధుమిత్రులు కూడు విందులన్నిట దర్శనమిచ్చు నవీన నలునకు దక్కిన వరము దానికి సరిగా వ్యతిరేకము. ఈతడున్నచోట అగ్ని యక్కఱలేకయే వంట సిద్ధమగును. అగునని యాయన ప్రకటించును. పొగతోటలో నొకడు, మాగుంట లేఔటులో నిద్దఱు, కావలిలో నొకడు, మైపాడు సముద్రపుటొడ్డునకు వనభోజనమునకై సాగు ప్రతి బస్సులోను కిటికీప్రక్కన ఒడిలో స్టీలు డబ్బా పెట్టుకొని మఱియొకడు, ఇట్లు ఎక్కడ జూచినను కలడు. తఱచుగా ఉద్యోగవిరమణ పొందినవాడు. అంతకుముందు జీవితమంతయు కూరలో ఉప్పు చాలలేదని తీర్పు చెప్పుట దక్క వంటింటితో నే సంబంధమును లేనివాడు.

"ఏముందబ్బయ్యా! ఐదు నిమిషాల పని. పొయ్యి లేదు, పొగ లేదు" అనునది యాయన బీజమంత్రము. ఆయన ప్రతిష్ఠకు మూలమైన భక్ష్యము చీజు ఉండలు.

ఆ ఐదు నిమిషముల పని యెట్టిదో చిత్తగింపుడు. చిక్కని పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రియంతయు వ్రేలాడదీయవలెను. తెల్లవాఱి నీరోడిన యా ముద్దలో తురిమిన చీజును, మిరియాలపొడిని, సన్నగా తఱిగిన పచ్చిమిరపను, కొత్తిమీరను, గింజ దీసిన ఖర్జూరపు తునకలను గలిపి, ఉసిరికాయంతేసి యుండలు గావించి, వేయించి దంచిన వేరుసెనగపప్పులో దొర్లించి, ఫ్రిజ్జులో గట్టిపడనిచ్చి, పుల్ల గ్రుచ్చి పళ్లెమున నమర్చవలెను. తురుముట కోడలి పని. గింజలు దీయుట మనుమల పని, అందు సగము ఖర్జూరము వారి కడుపులలోనికే పోవును. వేరుసెనగలు వేయించుట ఇల్లాలి పని. అవి యే పొయ్యిమీద వేగినవని మాత్ర మడుగరాదు. అడిగినచో, ఉపాంగములను సిద్ధపఱచుట వంట క్రిందికి రాదని మీమాంసకులు సైతము తలయూచునట్లు సిద్ధాంతము చేయును. ఆయన స్వహస్తములతో చేయునది పుల్ల గ్రుచ్చుట. దానికి సరిగా ఐదు నిమిషములే పట్టును గనుక, ఆయన యసత్యమాడెనని యెవ్వరు ననజాలరు.

ఉండలు ఫ్రిజ్జున బ్రవేశించునప్పుడు, అందున్న పాలును, పెరుగును, మఱునాటికిగాని రుచి కుదురని నెల్లూరు చేపల పులుసును నిర్వాసితములై వంటింటి గట్టుమీద తలదాచుకొనును. పులుసుగిన్నెకు కలిగిన యా యవమానమును క్షమించుట నాకు సాధ్యము గాలేదు.

ఇంటిలోని పెద్ద అవ్వకు చీజుపై నొక సందేహము. "ఇది దేంతో తోడు పెడతారు నాయనా?" అని యడిగెను. సూక్ష్మజీవులనుండి తీసిన తోడు, డబ్బాపై పచ్చని చుక్కయే నిదర్శనమని చెప్పినచో రెండు మాటలలో సరిపోవును. కాని మన నలుడు ఏ విషయమునైనను మూలమునుండి చెప్పువాడు. ఐరోపాఖండమున పూర్వము లేగదూడ కడుపులోని పొరనుండి తీసిన రసముతో పాలు విఱుగజేసెడివారని యారంభించి, ఆ దూడ వయస్సు, ఆ పొర స్వరూపము సవిస్తరముగా వర్ణించి, మనదేశపు పద్ధతి వేఱని చెప్పబోవునప్పటికి అవ్వ లేచి తులసికోట కడకు బోయి యుండెను. అయినను ఆయన ఆగలేదు. గుజరాతులోని ఆనందున 1946లో పాడిరైతులు సంఘమై యేర్పడుటయు, వారు గేదెపాలతోనే చీజు సాధించుటయు చెప్పి, అటుపిమ్మట బ్రెజిలు దేశమునకు లంఘించి, మన యొంగోలు గిత్తల సంతతి యచ్చట మన యూరి పేరనే 'నెలోర్' అని వర్ధిల్లుచున్నదని ఛాతి విఱిచికొనెను. ఆ పశువులను అచ్చట పెంచునది పాలకు గాదు, మాంసమునకు. ఈ వాక్యము వినుటకు అవ్వ అచ్చట లేకపోవుటయే మేలయ్యెను.

ఇక మైపాడు. మా జిల్లాకు వానలు ముఖ్యముగా అక్టోబరు నుండి డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. ఆ తేమ పుష్యమాసము వచ్చినను గాలిని విడువదు. ఉప్పుగాలి సోకగానే వేరుసెనగపొడి చెమ్మగిల్లెను. ఎండకు లోపలి ముద్ద మెత్తబడెను. పుల్లలు ఒక్కొక్కటిగా ప్రక్కకు వాలెను. డబ్బాలోని యుండలన్నియు భేదభావము విడిచి యేకముద్దయై పోయెను. నలుడు నిశ్చలుడు. "ఇది రొట్టెకు పూసుకొనేదబ్బయ్యా" అని నామకరణము గావించి, రొట్టె తెచ్చిరా యని చుట్టు జూచెను.

అంతట అవ్వ తన సంచినుండి యొక డబ్బా దీసెను. అందున్నది చిమ్మిలి: పచ్చినువ్వులును బెల్లమును రోటిలో వేసి, నువ్వులనూనె తానై వెలికివచ్చి ముద్ద మెఱయువఱకు దంచి, ఉండలు కట్టినది. నాగులచవితికి పుట్టకడ పెట్టు చిమ్మిలికి గాని, శ్రీరామనవమినాటి పానకమునకు, వడపప్పునకు గాని, నానిన బియ్యము తడి యాఱకముందే దంచి జల్లించి బెల్లముతో మర్దించిన పచ్చి చలిమిడికి గాని ఏనాడును పొయ్యి ముట్టించినవారు లేరు. ఆ సంగతి నొకరికి జాటవలెనని తోచినవారును లేరు. తేమగాలిలో ఆ యుండలు చెక్కుచెదరక నిలిచెను.

నలుడొకటి నోట వేసికొనెను; రెండవది వేసికొనెను; మూడవదానికి చేయి చాచుచు కన్నులు మెఱయ, "అవ్వా, దీనికి ఎన్ని నిమిషాలు పడుతుంది?" అని యడిగెను.

"దంచేవాళ్లని బట్టి ఉంటుంది నాయనా."

ఆయన జేబులోని చిన్న పుస్తకము తీసి వ్రాసికొనెను: "నువ్వుల ఉండలు. పొయ్యి లేదు, పొగ లేదు. ఐదు నిమిషములు. దంచుట: కోడలు."