‘ఇంటర్వెల్‌కే తెలిసిపోయింది’: టీకా తాత్పర్యసహితం

మూలం: ‘హంతకుడెవరో నాకు ఇంటర్వెల్‌కే తెలిసిపోయింది.’

టీక: భారీ తారాగణంతో తీసిన హత్యామిస్టరీ చూసి, పార్కింగులోంచి బండి తీస్తూ ప్రేక్షకుడు పలికే వాక్యమిది. చాటువులకు మల్లే దీనికీ కర్త ఎవరో తెలియదు. ‘హంతకుడు’ అనగా చంపినవాడు. జాత్యేకవచనం గనుక చంపినవారికీ వర్తిస్తుంది. ‘నాకు’ అనగా పక్క సీటువాడికి కాదు, నాకు. ‘ఇంటర్వెల్‌కే’ అన్నచోట కొంత ఆగాలి. హాలీవుడ్ దర్శకుడు విశ్రాంతి ఊసే లేకుండా తీసిన సినిమానైనా మన హాళ్లలో నడిమికి తుంచి సమోసాలు అమ్ముతారు. ఆ తుంచుడు కథలో ఎక్కడ పడుతుందో తీసినవాడికే తెలియదు. ప్రేక్షకుడికి జ్ఞానోదయం మాత్రం కచ్చితంగా అక్కడే అవుతుంది. ‘టైటిల్స్‌లోనే’ అని ఒక పాఠాంతరం ఉంది. అది ప్రక్షిప్తమని మా అభిప్రాయం. ఇక మిగిలింది ‘తెలిసిపోయింది’. పేచీ అంతా దీనితోనే. పూర్వవ్యాఖ్యాతలు దీన్ని జ్ఞానార్థంలో తీసుకుని, సినిమా తేలిపోయిందని తాత్పర్యం చెప్పారు. మేం ఒప్పుకోం. ఇక్కడ తెలియడమంటే అనుమానించడమే; అదీ ఒకరిని కాదు, వరసపెట్టి అందరినీ.

ఉపపత్తి: 2019లో రయన్ జాన్సన్ తీసిన ‘నైవ్స్ అవుట్’ చూడండి. డిటెక్టివ్ నవలలు రాసి గడించిన హార్లన్ త్రోంబీ తన 85వ పుట్టినరోజు రాత్రి పోతాడు. వారం తర్వాత ఆయన కుటుంబమంతా కత్తుల చక్రం ముందున్న కుర్చీలో ఒక్కొక్కరుగా కూర్చుని వాంగ్మూలం ఇస్తుంది. ఆయన కేకు మీద కొవ్వొత్తులు ఊదే క్షణం తెర మీద మళ్లీ మళ్లీ వస్తుంది. చెప్పేవాళ్లు మారినప్పుడల్లా ముసలాయన పక్కన నిలబడ్డ మనిషి మారిపోతుంటాడు. ఎవరి జ్ఞాపకంలో వాళ్లే ఆయనకు దగ్గర. మన వాక్యకర్త హాలు బయట చేసేదీ ఇదే. కూతురిని అనుమానించాడు, అల్లుణ్ణి అనుమానించాడు, కోడలి మొహం చూసి తల పంకించాడు. చివరికి దొంగ ఎవరని తేలిందో వాడి మీది అనుమానాన్ని ఉంచుకుని, మిగతావి మర్చిపోయాడు. అబద్ధమాడాడని అనలేం. అందరినీ అనుమానించినవాడు అసలువాణ్ణి అనుమానించకుండా ఎలా ఉంటాడు? పైగా ముసలాయన ఎలా పోయాడో జాన్సన్ సగం సినిమా గడవకముందే చూపించేస్తాడు. తెలిసిపోయిందనుకోవడం కూడా స్క్రీన్‌ప్లేలో రాసిపెట్టిన ముక్కేనన్నమాట.

ఇంతకంటే గట్టి ప్రమాణం 1985 నాటి ‘క్లూ’. బోర్డు పరిచి ఆడే ఆట ఆధారంగా జొనాథన్ లిన్ దీన్ని తీశాడు. అమెరికాలో విడుదల చేసినప్పుడు మూడు రకాల ముగింపులు తయారుచేసి, హాలుకొకటి పంపారు. అప్పటిదాకా నడిచిన కథ ఒకటే, పడిన శవాలు అవే, దొరికిన ఆధారాలు అవే. నేరం ఎవరి నెత్తిన పడుతుందన్నది మాత్రం హాలును బట్టి మారుతుంది. ఒక హాల్లో ‘నాకు ముందే తెలుసు’ అన్నవాడికీ, ఇంకో హాల్లో అదే మాట అన్నవాడికీ నిజంగా తెలిసి ఉండడం కుదరదు. తెలియడానికి అక్కడ ఏమీ లేదు. అనుమానార్థం తీసుకుంటే ఇద్దరి మాటా నిలుస్తుంది. ఆ ఎత్తు మాత్రం డబ్బు రాల్చలేదు, అది వేరే సంగతి.

ఆక్షేపం: ‘ప్రేక్షకుడు అనుమానంతో కాదు, లెక్కతో పట్టుకుంటాడు. పెద్ద నటికి చిన్న వేషమిచ్చారంటే హంతకురాలు ఆమే’ అని కొందరంటారు. లెక్క మంచిదే. కానీ 1974లో సిడ్నీ లూమెట్ తీసిన ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’లో ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌ది చిన్న వేషం. దర్శకుడు ఆమెకు ఇవ్వబోయింది రాకుమారి పాత్ర. బెదురుచూపుల స్వీడిష్ మిషనరీ వేషాన్ని ఆమే కోరి తీసుకుంది, ఆస్కారూ తెచ్చుకుంది. అంటే అది దర్శకుడు దాచిన గుట్టు కాదు, నటి ముచ్చట. పోనీ లెక్క అక్కడ పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది. షాన్ కానరీ, లారెన్ బకాల్ మొదలుకొని ఆ బోగీనిండా పెద్దవాళ్లే గనుక అందరి మీదా పనిచేస్తుంది. ఇంతకు మించి చెప్పడం వ్యాఖ్యాతకు మర్యాద కాదు.

ఇక ఆధారాలు పేర్చుకుని నిజంగానే పట్టేవాళ్లు లేరా? ఉన్నారు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాలే పాఠకుడికీ దొరకాలన్న ధర్మం మీద రొనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు రాసిపెట్టింది అలాంటివాళ్ల కోసమే. అయితే వాళ్లను ‘ఎలా?’ అని అడిగితే కప్పు, కుక్క, గడియారం అంటూ లెక్క ఒప్పజెబుతారు. మన వాక్యకర్తను అడిగితే ‘వాడి మొహం చూస్తేనే తెలిసిపోలా?’ అంటాడు.

అలంకారం: అతిశయోక్తి అని కొందరు. కాదు, వ్యాజస్తుతి. పైకి నింద, లోపల మెప్పు. పది మంది మీదా అనుమానం సమానంగా పంచగలిగిన దర్శకుడి సినిమాకే ఈ మాట పడుతుంది. మిగతావాటికి ‘బోరు’ అన్న ఒక్క ముక్క చాలు. సాక్ష్యం కావాలా? సినిమా చూడని స్నేహితుడు ‘ఇంతకీ ఎవడ్రా?’ అని అడిగినప్పుడు గమనించండి. ఇంటర్వెల్‌కే తెలిసిపోయే గుట్టయితే దాయక్కర్లేదు. మనవాడు మాత్రం చెప్పడు. ‘వెళ్లి చూడ్రా’ అంటాడు.