పలకరింపు కూడా ఫోన్‌లోనేనా?

ఇప్పుడు బళ్లారి జిల్లాలోని మా సిరిగేరిలో ఎవరన్నా పోతే ముందు తెలిసేది ఫోన్‌కే. ఫోటో ఒకటి, దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మ నొక్కినోడు పోయి పలకరించి వచ్చినట్టే లెక్క! పొద్దు నడినెత్తికి రాకముందే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లేస్తుంది. అందులో పోయినాయన మొహం కంటే కట్టించినోళ్ల మొహాలే ఎక్కువ.

మా రోజుల్లో చావు కబురు మనిషి మోసుకొచ్చేవాడు. విన్నోడు చేతిలో పని వదిలి లేచేవాడు. 1953లో జిల్లాను చీల్చినప్పుడు ఆదోని, ఆలూరు ఆంధ్రకు పోయినాయి, మా సిరుగుప్ప తాలూకా మైసూరులో కలిసింది. అయినా అవతలి చుట్టాలు బండి కట్టుకుని వచ్చేవాళ్లు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగమ్మ జొన్నరొట్టెలు, పొరుగమ్మ పప్పు తెచ్చి బలవంతాన తినిపించేవాళ్లు. ఆడోళ్లు పోయినాయన గుణాలన్నీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడ్చేవాళ్లు. రాత్రికి భజన. కాలవ నీళ్ల వంతు వస్తే ఆ ఇంటి మడికి పక్క మడాయనే నీళ్లు కట్టేవాడు.

ఇప్పటోళ్లకు ఏడుపంటే భయం. "ధైర్యంగా ఉండు" అని నీళ్ల బాటిల్ చేతిలో పెట్టి మాట మారుస్తారు. ఏడవనీయండప్పా! మూడోనాడు, పదకొండోనాడు, నెలకు, ఏడాదికి అని పెద్దలు పెట్టింది ఉత్త కర్మకేనా? ఆ పేరుతో నలుగురూ మళ్లీ మళ్లీ ఆ గడప తొక్కేవాళ్లు. ఇప్పుడు సెలవు లేదని మూడోనాడే అన్నీ ముగించి, క్యాటరింగ్ భోజనం బాగుందని చెప్పి కార్లెక్కుతున్నారు. ఏడాది దాటినా మనిషిని లేవనీయని దుఃఖాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో జబ్బుల జాబితాలో చేర్చింది. మనోళ్లు మాత్రం మూడు రోజుల్లో తేలిపోవాలంటారు.

అంతా కోవిడ్ నేర్పిందంటారు. నిజమే, 2020 జూన్‌లో మా బళ్లారిలోనే శవాలను గోతిలోకి విసిరేసిన వీడియో దేశమంతా చూసింది, జిల్లా అధికారి క్షమాపణ చెప్పినాడు. అప్పుడు దూరం ఉండక తప్పలేదు. రోగం తగ్గినాక కూడా ఆ దూరమెందుకు?

మా కాలమంతా బంగారమని అనను. మొగుడు పోయినామె గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, శుభకార్యాలకు ఎదురు రావద్దన్నది మేమే. 2022లో మహారాష్ట్రలోని హేర్వాడ పంచాయతీ ఆ ఆచారం వద్దని తీర్మానం చేసింది. మనమేమో మానాల్సింది పట్టుకుని, పట్టుకోవాల్సింది మానేసినాం.

దినాలు అయినాక జనం పల్చబడతారు. ఇల్లు బావురుమనేది అప్పుడే. నెల తర్వాత ఒకసారి పోండి. ఏం మాట్లాడాలో తోచకపోతే పోయినాయన పేరెత్తండి, మిగతాది వాళ్లే చెప్పుకుంటారు. బతకడం ఎందుకనే మాట వాళ్ల నోట వస్తే ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ కలిపి ఇవ్వండి. అది సర్కారు వారి టెలి మానస్, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు, డబ్బు పడదు. ఫోన్‌ను అట్లాంటి పనికి వాడండి. పలకరింపుకు మాత్రం మనిషే పోవాల.