మెదడు లేనిదాన్ని అడిగితే!

జెల్లీఫిష్‌కు మెదడే ఉండదు. దానిలో కనిపించే ప్రోటీన్‌ను మాత్రల్లో పెట్టి, పెద్దవాళ్లకు జ్ఞాపకశక్తి పెంచుతుందంటూ అమెరికాలో ‘ప్రెవాజెన్’ పేరిట ఏళ్ల తరబడి అమ్మారు. లేనివాణ్ణి అప్పడగడమంటే ఇదే! 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూయార్క్ రాష్ట్రం కోర్టుకెక్కితే, ఆ గొప్పలు చెప్పుకోవద్దని 2024 డిసెంబరులో ఆదేశం వచ్చింది. ఈలోగా కొన్నవాళ్లు ఎందుకు కొన్నారో కూడా మర్చిపోయి ఉంటారు.

జ్ఞాపకశక్తికంటూ అమ్మే జింకో ఆకుల మాత్రల సంగతీ అంతే. మూడు వేల మందికి పైగా వృద్ధులపై పరీక్షిస్తే డిమెన్షియాను ఆపలేదని 2008లోనే తేలింది. అయినా సెలవులకొచ్చే ఎన్నారై అబ్బాయి సూట్‌కేసులో నాన్నగారికో డబ్బా తప్పదు. బి12 లోపిస్తే మాత్రం మతిమరుపు రావచ్చు. అది రక్తపరీక్షలో తెలుస్తుంది. బాబూ, డబ్బా పక్కనపెట్టి ముందు ఆ పరీక్ష చేయించు.