రేసు చూడని రేసు పండితుడు

ఫార్ములా వన్ పోటీలను కొత్తగా చూడనారంభించిన వ్యక్తి మొదట్లో కార్లను చూసి, కొన్నాళ్లకు డ్రైవర్లను గుర్తుపట్టి, ఆ తరువాత నియమాలను తప్ప మరి దేనినీ చూడడు. ఫార్ములా అనగా పోటీలోని కార్లన్నీ కట్టుబడవలసిన నిబంధనల సముదాయమనీ, వాటిని ఎఫ్.ఐ.ఎ. అనే అంతర్జాతీయ సమాఖ్య రూపొందిస్తుందనీ, ఉల్లంఘనలపై తీర్పు చెప్పడానికి స్టీవార్డులనే న్యాయనిర్ణేతలు ఉంటారనీ తెలిసిన క్షణం నుంచి అతనికి రేసు నిమిత్తమాత్రంగానూ, దానిపై జరిగే విచారణే అసలు క్రీడగానూ తోచసాగుతుంది.

ఈ కోవకు చెందినవాణ్ణి గుర్తుపట్టడం తేలిక. ట్రాక్ పక్కనున్న పిట్‌లో కారు ఆగినప్పుడు, రెండున్నర సెకన్లలో నాలుగు చక్రాలూ మార్చేసిన మెకానిక్‌ల చురుకుదనానికి ఇంటిల్లిపాదీ నోరు వెళ్లబెడుతూ ఉంటే, అతను మాత్రం ఎర్ర గీత మెత్తని టైరుకూ, పసుపు గీత మధ్యరకానికీ, తెల్ల గీత గట్టి టైరుకూ గుర్తని వేళ్లు మడుస్తూ, వాన లేని రేసులో కనీసం రెండు రకాలు వాడితీరాలన్న షరతు నెరవేరిందో లేదో లెక్క చూస్తూ ఉంటాడు. ఒక చుట్టు వెనుకబడిన కారు, వెనుక నుంచి వచ్చే వేగవంతునికి దారి ఇవ్వాలని సూచించే నీలి జెండా గురించి తెలిసినప్పటి నుంచి, హైదరాబాదు రోడ్ల మీద హారన్ మోగించి దారి అడిగేవారిని అతను జెండా లేని అభాగ్యులుగా భావించి జాలిపడతాడు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పోటీ అతని పాండిత్యానికి అగ్నిపరీక్ష అయింది. విద్యుత్ కార్ల ఆ పోటీకి నియమావళి వేరు. ఎండైనా వానైనా అక్కడ ఒకే రకం టైరు కాగా, అటాక్ మోడ్ అనే ఏర్పాటు ప్రకారం, డ్రైవరు మలుపులో మామూలు దారి విడిచి, వెలుపల గుర్తుపెట్టిన చోటు మీదుగా వెళితే కారుకు కొంతసేపు అదనపు శక్తి లభిస్తుంది. దారి తప్పినవాడికి శిక్ష వేయకపోగా బహుమానం ఇస్తారా అని గ్యాలరీలో లేచి నిలబడి ఆక్షేపించినవాడు ఇతడే.

ఆదివారం రాత్రి గళ్ల జెండా ఊగి రేసు ముగియగానే, మామగారు “ముందొచ్చినవాడు గెలిచినట్టేగా, అల్లుడుగారూ?” అని అడిగితే, “అప్పుడే ఏం చెప్తాం మామయ్యగారూ, ఇంకా తూకం వెయ్యాలి కదా” అంటాడు. ఇందులో అతిశయోక్తి లేదు. 2024లో బెల్జియంలోని స్పాలో మొదటివాడిగా గీత దాటిన జార్జ్ రసెల్ కారు, ఉండవలసిన 798 కిలోలకు కిలోన్నర తక్కువ తూగడంతో అతను అనర్హుడై, రెండో స్థానంలోని లూయిస్ హామిల్టన్ విజేత అయ్యాడు. ఈ వృత్తాంతమంతా ఓపికగా ఆలకించిన మామగారు, తీర్పు తరువాతెప్పుడో చెప్పేదానికి కారు అంత తొందరగా తోలడం దేనికని అడుగుతారు. స్థానాలు నిర్ణయించే అర్హత పోటీ తొలి భాగంలో అందరికన్నా వేగంగా చుట్టు పూర్తిచేసినవాడి సమయంలో 107 శాతం దాటినవాడికి, స్టీవార్డులు దయ తలిస్తే తప్ప, రేసులో చోటే దక్కదు కనుక, తొందరపడటం కూడా నిబంధన ప్రకారమే జరుగుతున్నదని అల్లుడు తృప్తిగా సమాధానమిస్తాడు.