పేరు అదే పెడితే చాలు: ఇంటి సర్వరును మళ్లీ కట్టేవారికి ఆరు చిట్కాలు

మా మెట్ల కింద, ఇన్వర్టరు పక్కన, ఒక పాత డెస్క్‌టాప్ ఉంటుంది. అదే మా ఇంటి సర్వరు. అందులో ఉబుంటు, దాని మీద సాంబా, రెండు డేటా డిస్కులు. ఇంటిల్లిపాది ఫోటోలు, లెక్కలు, సినిమాలు అన్నీ అక్కడే. సంక్రాంతి సెలవుల్లో దాన్ని ఫార్మాట్ కొట్టి మళ్లీ కట్టాను. ఒక్క పూటలో అయిపోయింది. ఆ ధీమాతో, ఎవరూ అడక్కపోయినా, ఈ సలహాలు.

1. పాత సర్వరులో ఎవరి నంబరు ఎంతో చూడకండి.
లైనక్స్ మనిషిని పేరుతో కాదు, నంబరుతో గుర్తుపెట్టుకుంటుందని చాదస్తులు చెబుతారు. ఉబుంటు పెట్టేటప్పుడు మొదటి యూజరుకు 1000, తర్వాత వచ్చినవాళ్లకు 1001, 1002. డిస్కులో ఫైలు మీద ఉండేదీ ఆ నంబరేనట. అందుకని ముందే జాబితా రాసుకోవాలట! ఇంట్లో ఉన్నది నలుగురం. పేర్లు నోటికి రాకపోతే కదా రాసుకోవడం.

2. పేర్లు అవే పెట్టండి, వరస మీ ఇష్టం.
పాత సర్వరులో నేను 1000, మా ఆవిడ 1001, అబ్బాయి 1002, బావమరిది 1003. కొత్తది పెడుతున్నప్పుడు కీబోర్డు బావమరిది చేతిలో ఉంది. పండక్కి వచ్చినవాడు కదా అని 'ముందు నీ పేరే కొట్టు బామ్మర్దీ' అన్నాను. నా పేరు చివర్లో కొట్టుకున్నాను. ఆవిడకీ అబ్బాయికీ వరస మారలేదు, వాళ్లకేమీ కాలేదు. నా పెళ్లి ఫోటోల నుంచి స్థలం కాగితాల దాకా మాత్రం బావమరిది పేరన కనిపించాయి. అతని పాత రింగ్‌టోన్లు నాకు సంక్రమించాయి. నా ఫోల్డరు నేను తెరవబోతే అనుమతి లేదంది. వీలునామా రాసినా ఆస్తి ఇంత తొందరగా చేతులు మారదు. పైగా మొదటి యూజరుకే సుడో, అంటే పెత్తనం. అదీ అతనికే దక్కింది.

3. కంటికి కనిపించేవే కాపీ చేయండి.
పేరు ముందు చుక్క ఉన్న ఫైళ్లు మామూలుగా కనబడవు. మన అమరికలు చాలావరకు వాటిలోనే ఉంటాయి. దాక్కున్నవాటిని బతిమాలి తెచ్చుకోవలసిన ఖర్మ మనకేమిటి? కనిపించినవి మౌసుతో లాగి పెన్‌డ్రైవులో పడేయండి. ఫ్యాట్ 32 అయితే మరీ హాయి. యజమాని, అనుమతులు అన్న గొడవే అందులో ఉండదు. 4 జీబీ నిండిన ఫైలు దాంట్లోకి ఎక్కదు కనుక సామాను కూడా తగ్గుతుంది. ఆర్‌సింక్‌తో నంబర్లతో సహా పొల్లుపోకుండా తెచ్చుకునేవాళ్లకు వేరే పని లేదనుకోవాలి.

4. ఈటీసీ ఫోల్డరు జోలికి పోకండి.
పేరులోనే ఉంది, వగైరా అని. వగైరాలను ఎవరు దాచుకుంటారు? ఏ ఫోల్డరు ఎవరితో పంచుకోవాలో రాసి ఉండే సాంబా ఫైలు అందులోనే ఉంటుందని తర్వాత తెలిసింది. పాస్‌వర్డుల సంగతి మరీ విడ్డూరం. పోపులపెట్టెలో చిల్లర దాచుకునే మా అమ్మలాగా సాంబా వాటిని లైనక్స్ పాస్‌వర్డుల్లో కలపకుండా వేరే చోట దాస్తుంది. అవి తెచ్చుకోకపోతే, మళ్లీ విడిగా పెట్టకపోతే, టీవీలో సినిమా పెట్టబోయిన అబ్బాయికి సరైన పాస్‌వర్డే తప్పంటుంది. 'నీకు మతిమరుపురా' అని కసిరేయండి, సరిపోతుంది.

5. ఏది తెరుచుకోకపోయినా 777 కొట్టండి.
సర్వరోగ నివారిణి. ఎవరి నంబరు ఏమిటో వెతుక్కుని యజమానిని మార్చేకంటే, అన్ని తలుపులూ అందరికీ బార్లా తెరవడం తేలిక. బావమరిది చేతే కొట్టించాను. ఆవిడ చీటీ ఎత్తిన సంగతి నాకు ఆ రోజే తెలిసింది. నా క్రెడిట్ కార్డు బిల్లులు ఆవిడకూ ఆ రోజే తెలిశాయి. నా ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి మాత్రం అందరి కళ్లా పడుతోందని మొరాయించింది. దానికి కలిసిమెలిసి బతకడం రాదు.

6. రెయిడ్ ఉండగా బ్యాకప్ దండగ.
రెండు డిస్కులు మనిషీ అద్దంలో బొమ్మా లాంటివి. ఒకదాంట్లో పొరపాటున చెరిపింది రెండోదాంట్లోనూ అప్పుడే చెరిగిపోతుంది. ఇంత అన్యోన్యత ఏ కాపురంలో ఉంది? ఒకవేళ విడిగా బ్యాకప్ ఉన్నా, ఒక్క ఫైలైనా వెనక్కి తెచ్చి చూడకండి. అనుమానించినట్టవుతుంది.

పండగ అయ్యాక బావమరిది రాజమండ్రి వెళ్లిపోయాడు. పెత్తనం అతనితోనే వెళ్లింది. నిన్న సర్వరు అప్‌డేట్ కావాలంది. పాస్‌వర్డు కోసం ఫోను చేశాను. 'చెబుతా గానీ బావా, నా ఫోటోలు జాగ్రత్త' అన్నాడు.

అవి నా పెళ్లి ఫోటోలు. నంబరు ప్రకారం మాత్రం అతనన్నదే నిజం.