పని చేయని అమ్మమ్మ

పొద్దున ఏడున్నరకు సిడ్నీలో పెండిల్ హిల్ స్టేషన్ బయట నిలబడితే ఆస్ట్రేలియాలోకెల్లా చవకైన శిశుసంరక్షణ పథకం నడిచొస్తూ కనిపిస్తుంది. నేత చీర మీద అల్లుడి పాత జాకెట్, సాక్సుల మీద హవాయి చెప్పులు, ముందు స్ట్రోలర్. కూతురు పారమాట రైలెక్కేస్తుంది. ఆవిడ మనవడి ముక్కు కొంగుతో తుడిచి ఇంటిదారి పడుతుంది. సాయంత్రం దాకా డ్యూటీ.

ఆవిడ విజిటర్ వీసాకు 8101 నంబరు షరతు ఉంది: పని చేయరాదు. సొంత మనవణ్ణి ఊరికే చూసుకోవడం పని కింద రాదు. కాబట్టి గోరుముద్దలు, డయపర్లు, మధ్యాహ్నం జోలపాట, ఇవన్నీ విహారయాత్రే.

అదే బిడ్డను చైల్డ్ కేర్ సెంటర్లో చూడాలంటే సర్టిఫికెట్ త్రీ చదివుండాలి, లేదా చదువుతుండాలి. రెండేళ్లలోపు పిల్లలైతే నలుగురికి ఒకరు ఉండాలి. అమ్మమ్మకు ఈ బాదరబందీ లేదు.

ఆదివారం విందుల్లో ఒకాయన తప్పకుండా అంటాడు: "మనకు చైల్డ్ కేర్ దేనికండీ, మన సంస్కృతిలోనే అమ్మమ్మలున్నారు. నా ట్యాక్సుతో ఊళ్లోవాళ్ల పిల్లల్ని పెంచాలా?" ఈయనే పెట్టుబడికి కొన్న రెండో ఇంటి నష్టాన్ని నెగటివ్ గేరింగ్ కింద ట్యాక్సులో తగ్గించుకుంటాడు. అది సబ్సిడీ కాదట, ప్లానింగట! ఆయన ప్లేటులో గోంగూర పచ్చడి వడ్డిస్తున్న అత్తగారికి ఈ చర్చలో అభిప్రాయం ఉండదు.

ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 2019లో తెచ్చిన తల్లిదండ్రుల తాత్కాలిక వీసాకు మూడేళ్లకు 5,000 డాలర్లు, ఐదేళ్లకు 10,000 అంది. బిడ్డను చూసే మనిషికి జీతం లేకపోగా ఎదురు కట్నం! పైగా ఇక్కడ చదువు ముగించినవాళ్లకిచ్చే 485 తాత్కాలిక వీసా మీద ఉన్న జంట ట్యాక్సు కట్టినా చైల్డ్ కేర్ సబ్సిడీకి పనికిరాదు. ఫీజు పూర్తిగా కట్టాలి, లేదా అమ్మకు టికెట్ కొనాలి.

సొంతూళ్లో జీతం ఎగ్గొట్టే ఈ విద్య ఇంకా ముదిరింది. 1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకం ఐసీడీఎస్‌లో అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. గ్రాట్యుటీకి ఆమె అర్హురాలేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగేనాటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు. సమ్మె నెల తిరగకముందే వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. జీతం అడిగితే గౌరవ సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ!

డబ్బు పెడితే ఏమవుతుందో కాన్‌బెర్రాకు తెలియక కాదు. 360 కోట్ల డాలర్లు తీసి ఎడ్యుకేటర్ల వేతనాలు 2024 డిసెంబరులో 10 శాతం, మరుసటేడు ఇంకో 5 శాతం పెంచింది, ఫీజులకు కళ్లెం వేయడానికి ఒప్పుకున్న సెంటర్లలో. 2026 జనవరి నుంచి వారానికి మూడు రోజుల సబ్సిడీకి హామీ ఇచ్చింది. మిగతా రెండు రోజులు?

వాటికి అమ్మమ్మే. గడువు తీరాక ఆవిడ విమానమెక్కుతుంది, నానమ్మ దిగుతుంది. షిఫ్టు మారేది సిడ్నీ ఎయిర్‌పోర్టులో. నానమ్మ ప్యాసింజర్ కార్డులో ఆవకాయ ఉందని నిజాయితీగా టిక్కు పెట్టి, వచ్చిన పని 'బంధువులను చూడటం' అని రాస్తుంది.